లీగు పందెము నేర్పు పాఠము

ఒక పరీక్షలో తప్పి బడి మానదలచు విద్యార్థులను మేము ఏటేట చూచుచున్నాము. వారికి ఫుట్‌బాలు లీగు రీతిని వివరింపగోరెదము.

కప్పు పందెములో ఒక్కసారి ఓడినవారు ఇంటికి పోవలెను. లీగు అట్టిది కాదు. అందు ప్రతి జట్టును తక్కిన అన్ని జట్లతోను రెండేసి మారులు ఆడవలెను. గెలిచినచో 3 పాయింట్లు, సమమైనచో 1, ఓడినచో సున్న.

2021-22 ఇండియన్ సూపర్ లీగునే చూడుడు. కోవిడ్ కారణముచే ఆటలన్నియు గోవాలోనే జరిగెను. జట్లు 11, కనుక ఒక్కొక్క జట్టునకు 20 ఆటలు. మన జిల్లాలకు పొరుగుననున్న హైదరాబాదు పేరిటి జట్టు 11 ఆటలు గెలిచి, 5 సమము చేసి, 4 ఓడెను. లెక్కింపుడు: 33ను 5ను కలిసి 38. జంషెడ్‌పూరు 43 పాయింట్లతో ప్రథమస్థానమున నిలిచి షీల్డును పొందెను. హైదరాబాదు ద్వితీయస్థానమున నిలిచెను.

పిమ్మట మొదటి నాలుగు జట్లకు కప్పు పందెము జరిగెను. 2022 మార్చి 20వ తేదీని జరిగిన తుది ఆటలో 68వ నిమిషమున కేరళ బ్లాస్టర్సువారు గోలు చేసిరి. 88వ నిమిషమున సాహిల్ తవోరా దానిని సరిచేసెను. అదనపు కాలమందును జయాపజయములు తేలకపోగా, పెనాల్టీలలో గోలుకీపరు కట్టిమణి మూడు తన్నులను ఆపెను. హైదరాబాదు 3-1తో కప్పు గెలిచెను.

నాలుగుమారులు ఓడిన జట్టే కప్పును ఎత్తినది. విద్యార్థులారా, తలిదండ్రులారా, ఒక్క ఓటమితో సంవత్సరము ముగియదని గ్రహింపుడు.