35 డాలర్ల గీత

గ్రాఫిక్ డిజైన్ చదివే పిల్లలకు ఏదో ఒక సెమిస్టరులో ఈ పని తప్పదు. ఒక కంపెనీని ఊహించుకుని దానికి లోగో గీయాలి. తెల్ల కాగితం నడిమధ్య గుర్తు, పక్కన రంగులు, కింద విజిటింగ్ కార్డు, లెటర్‌హెడ్. మార్కులు వేసేవాళ్లు చూసేదీ ఆ తెల్ల కాగితాన్నే. తిరకాసంతా అక్కడే ఉందని నైకీ గీత కథ చెబుతుంది.

ఆ గీత గీసిందీ ఓ విద్యార్థినే. పేరు కరోలిన్ డేవిడ్‌సన్. అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో డిజైన్ చదివేది. అక్కడ అకౌంటింగ్ పాఠాలు చెప్పిన ఫిల్ నైట్, బ్లూ రిబ్బన్ స్పోర్ట్స్ పేరిట (అదే తర్వాత నైకీ అయింది) జపాన్ బూట్లు తెప్పించి అమ్మేవాడు. ఆమెకు గంటకు 2 డాలర్ల చొప్పున చార్టులు, గ్రాఫులు గీసే పని ఇచ్చేవాడు. 1971లో సొంత బూట్లు తేవాలనుకున్నాక, వాటి పక్కన వేయడానికో గుర్తు అడిగాడు. అందులో కదలిక కనిపించాలి, అడిడాస్ మూడు చారలను తలపించకూడదు.

కరోలిన్ ముందు బూటు బొమ్మ వేసుకుంది. దానిమీద పల్చటి టిష్యూ కాగితం పరిచి గుర్తులు గీస్తూ పోయింది. కిటుకు ఇక్కడుంది. బూటు కాలివేళ్ల దగ్గర పల్లంగా, మడమ వైపు ఎత్తుగా ఉంటుంది. గీత కూడా ముందువైపు లావుగా వంపు తిరిగి, మడమ వైపు సన్నబడుతూ పైకి లేస్తుంది. దూసుకుపోయేదాని వెనక తోక మిగిలినట్టు ఉంటుంది కాబట్టి, నిలబడ్డ కాలు కూడా పరుగులో ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. బూటుకు రెండు పక్కలుంటాయి. రెండువైపులా తోక మడమకేసే ఉండాలంటే ఒకవైపు గుర్తును అద్దంలోలా తిరగేయాలి. అక్షరాన్ని అలా తిరగేస్తే తప్పుగా కనిపిస్తుంది. ఈ గీతకు మాత్రం ఏమీ కాదు. తెల్ల కాగితం మీద గీసుకుంటే ఈ ఇబ్బంది తెలిసే అవకాశమే లేదు.

నైట్‌కు అది చూడగానే నచ్చలేదు. గడువు తరుముకొస్తుంటే ఒప్పుకున్నాడు. బిల్లు 35 డాలర్లు. తర్వాత, 1983లో, కంపెనీ ఆమెకు ఆ గీత ఆకారంలో వజ్రపుటుంగరం, కొన్ని షేర్లు ఇచ్చింది.

మరి ఆమెకు అన్యాయం జరిగినట్టా? పుస్తెలు చేసిన కంసాలికి బంగారం తూకం తెలుసు. వాటి విలువ తెలిసేది కాపురం చేసినవాళ్లకే. తొలినాళ్లలో ఈ గీతకు తోడుగా కంపెనీ పేరు ఉండాల్సి వచ్చేది. క్రీడాకారుల గెలుపులు, ప్రకటనలు, కోట్లాది కాళ్లు కలిసి దానికి అర్థం పోశాకే, 1995 నుంచి పేరు లేకుండా గీత ఒక్కటే నిలబడగలిగింది. ఆ అర్థాన్ని ముందే గీసిపెట్టడం ఏ డిజైనరు వల్లా కాదు. అది నిలవడానికి చోటు మాత్రం ఇవ్వగలరు.

అందుకే పిల్లల ప్రాజెక్టు చూసేటప్పుడు 'ఈ గుర్తుకు అర్థమేమిటి?' అని అడగడం తొందరపాటు. దీన్ని దేనిమీద కుడతారు, తిరగేస్తే ఏమవుతుంది అని అడిగితే చాలు. జవాబు ఆ టిష్యూ కాగితం కింద ఉండాలి.