మీకు తెలుసా? సూర్యుడికి గురిపెట్టి దుమ్మును కొలుస్తారు

కాన్పూర్ ఐఐటీలో 2001 జనవరి నుంచి ఒక యంత్రం పొద్దస్తమానం సూర్యుణ్ణి చూస్తూనే ఉంది. పేరు సన్ ఫొటోమీటర్, ఫ్రాన్స్‌లోని సిమెల్ కంపెనీ తయారీ. జంట గొట్టాలు, వాటిని తిప్పే మోటారు, లోపల రకరకాల ఫిల్టర్లు బిగించిన చక్రం. పావుగంటకోసారి సూర్యుడి వైపు తిరిగి, వచ్చే వెలుగును ఒక్కో రంగులో విడిగా కొలుస్తుంది. పొగ, దుమ్ము, సముద్రపు ఉప్పు, సల్ఫేట్లు... గాలిలో తేలే ఈ సన్నటి కణాలే ఏరోసాల్స్. దారిలో అవి ఎంత వెలుగును ఆపితే కింద అంత తగ్గుతుంది. ఆ తగ్గుదలను చెప్పే అంకె ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్. అది 0.1 ఉంటే, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నేరుగా వచ్చే వెలుగులో 90 శాతం కణాలను దాటుకుని కిందికి దిగుతుంది. 1 ఉంటే 37 శాతమే. కాన్పూర్ సగటు 0.6 దరిదాపుల్లో ఉంటుంది.

మధ్యలో మబ్బు అడ్డొస్తే? అందుకే ప్రతిసారీ 30 సెకన్ల తేడాతో మూడు కొలతలు తీస్తారు. మూడూ దగ్గరదగ్గరగా ఉంటే సరే, లేదంటే మబ్బు పనే అనుకుని పక్కన పడేస్తారు. వానాకాలంలో లెక్కలు పలచబడేది ఇందుకే. ఇక రంగుల సంగతి. పొగలాంటి సన్నకణాలు ఎరుపుకన్నా నీలిరంగును బాగా అడ్డుకుంటాయి. ఎడారి దుమ్ము ముతక, దానికి అన్ని రంగులూ ఇంచుమించు ఒకటే. కాన్పూర్‌లో ఎండాకాలం థార్ వైపు నుంచి దుమ్ము దిగుతుంది, చలికాలం పొగదే రాజ్యం. రెంటి తేడానూ ఆ ఫిల్టర్లే పట్టిస్తాయి.

అసలు చిక్కు వేరే ఉంది. ఎంత తగ్గిందో చెప్పాలంటే, పైన గాలే లేకపోతే యంత్రం ఎంత చూపించేదో ముందు తెలియాలి. దానికోసం అంతరిక్షానికి పోనక్కర్లేదు. పొద్దున్నే సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు వెలుగు చాలా గాలిని దాటి రావాలి. పైకెక్కేకొద్దీ ఆ దారి తగ్గుతుంది. ఆ కొలతలను గ్రాఫు మీద వేసి, గీతను గాలి సున్నా అయ్యే చోటిదాకా పొడిగిస్తే జవాబు దొరుకుతుంది. దీన్ని లాంగ్లీ పద్ధతి అంటారు. కాకపోతే ఆ పూటంతా గాలి ఒకేలా ఉండాలి, మన ఊళ్లలో అది కుదిరే పని కాదు. అందుకని ప్రామాణిక యంత్రాలను హవాయిలోని మౌనా లోవా కొండ మీద, 3,400 మీటర్ల ఎత్తున సరిచూసి, తక్కినవాటిని వాటి పక్కన పెట్టి పోల్చుతారు. ఫిల్టర్లు ఏళ్లు గడిచేకొద్దీ మసకబారతాయి. యంత్రాన్ని ఎప్పటికప్పుడు సరిచూడకపోతే, మసకబారింది ఫిల్టరో గాలో ఎవరికీ తెలియదు. నన్నడిగితే దీర్ఘకాల కొలతలకు ప్రాణం ఇక్కడే ఉంది. అన్నట్టు, మౌనా లోవా అగ్నిపర్వతం కూడా. 2022 నవంబరులో బద్దలైనప్పుడు లావా వచ్చి అక్కడి పరిశోధనశాలకు రోడ్డూ కరెంటూ తెగ్గొట్టింది.

కాన్పూర్‌లాంటి కేంద్రాలన్నిటినీ కలిపిన ప్రపంచవ్యాప్త వలయం పేరు ఏరోనెట్. 1993లో నాసా శాస్త్రవేత్త బ్రెంట్ హోల్బెన్ బృందం మొదలుపెట్టింది.

సూర్యుడితో పనిలేని పద్ధతి ఇంకోటి ఉంది. కరీబియన్ దీవి బార్బడోస్‌లో 1965 నుంచి సముద్రపు గాలిని ఫిల్టర్ కాగితం గుండా పీలుస్తున్నారు. గాలి సముద్రం మీంచి వీస్తేనే పంపు నడుస్తుంది. ఆ కాగితాన్ని నీళ్లతో కడిగి ఉప్పు వదిలించి, కొలిమిలో కాలుస్తారు. మిగిలిన ఎర్రమట్టి రంగు బూడిద, అట్లాంటిక్ దాటొచ్చిన సహారా దుమ్ము. మయామీ యూనివర్సిటీకి చెందిన జోసెఫ్ ప్రాస్పెరో మొదలుపెట్టిన పని ఇది. ఆఫ్రికాలో సహెల్ కరువు ముదిరిన 1970, 80 దశకాల్లో బార్బడోస్‌లో దుమ్ము బాగా పెరిగినట్టు ఈ లెక్కల్లోనే బయటపడింది.

మళ్లీ సూర్యుడి దగ్గరికొస్తే, మన దగ్గర ఏరోనెట్‌కన్నా ముందే ఇస్రో ఆ వెలుగును కొలిచే పనికి దిగింది. 1980ల మధ్యలో తిరువనంతపురంలో, ఆ తర్వాత విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పది తరంగదైర్ఘ్యాల్లో కొలిచే రేడియోమీటర్లు పెట్టారు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, హైదరాబాద్ తర్వాత చేరాయి. కొన్నిచోట్ల పాతికేళ్లకు చేరిన ఈ లెక్కల సారాన్ని 2013లో ప్రచురించారు. 1960లలో వాతావరణ శాఖలో అన్నా మణి బృందం తీసిన అంకెల పక్కన పెట్టి చూస్తే, గాలిలో కణాల భారం విపరీతంగా పెరిగింది. ఆ పెరుగుదల కూడా వానలు లేని డిసెంబరు–మార్చి నెలల్లోనే దేశమంతటా గట్టిగా కనిపించింది. వానాకాలంలో గంగా మైదానం మీద అంత స్పష్టంగా లేదు, ఒకపక్క దుమ్ము వచ్చి చేరుతుంటే ఇంకోపక్క వాన కడిగేస్తోంది. ఇంతకీ పెరిగిందేమిటి? దుమ్ము కాదని, మనుషులు వదిలే పొగలూ కాలుష్యమేనని ఆ రంగుల లెక్కే చెప్పింది.