పాల్వంచ జనం ఎందరు? ఎండ ఏటేటా, లెక్క మాత్రం 2011 నాటిదే

పాల్వంచ: మే నెల వచ్చిందంటే పాల్వంచలో పగలు పదకొండు దాటాక రోడ్డు మీద మనిషి కనిపించడం కష్టం. మధ్యాహ్నం ఎండ 45 డిగ్రీలు తాకే రోజులు ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఇటువంటి ఊళ్లో వేసవికి ఎన్ని నీళ్లు కావాలి, ఆసుపత్రిలో ఎన్ని మంచాలు వుండాలి అన్నది ముందుగా తేల్చాలంటే ఊళ్లో ఎందరున్నారో తెలియాలి. ఇంటింటికీ తిరిగి తలలు లెక్కించిన చివరి జనగణన 2011లో జరిగింది. అప్పటికి పట్టణ జనాభా 80 వేల చిల్లర. 2021లో జరగవలసిన లెక్క కరోనా కారణంగా వాయిదా పడింది. ఈలోగా ఊరి రూపురేఖలే మారిపోయాయి.

గూడెం నుంచి పట్టణం

బొల్లోరిగూడెం, గట్టాయిగూడెం అన్న పేర్లే ఈ నేల మీద మొదట ఎవరుండేవారో చెబుతాయి. ఇది కోయల సీమ. ఒకప్పుడు సంస్థాన కేంద్రమైన పాత పాల్వంచ ఒక పక్క, అడవి అంచున గూడేలు మరో పక్క వుండేవి. పక్కనే కొత్తగూడెంలో సింగరేణి బొగ్గు, ఇటు కిన్నెరసాని నీరు దొరకడంతో ఇక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం వెలిసింది. 1966లో మొదటి యూనిట్ కరెంటు ఇచ్చింది. 60 మెగావాట్లవి నాలుగు, 120 మెగావాట్లవి నాలుగు కలిసి 1978 నాటికి 720 మెగావాట్లయింది. 1970 దశకంలో నవభారత్ ఫెర్రో ఎల్లాయ్స్, 1980లో స్పాంజ్ ఐరన్ కర్మాగారం వచ్చాయి. పని వెతుక్కుంటూ కోస్తా జిల్లాల నుంచి, తెలంగాణ నలుమూలల నుంచి జనం తరలివచ్చారు. క్వార్టర్లు కట్టారు, బజార్లు పెరిగాయి.

కూలిన గొట్టాలు

పాత యూనిట్లు 2020 మార్చి నాటికి పూర్తిగా మూతపడ్డాయి. ఏళ్ల తరబడి ఊరికి గుర్తుగా నిలిచిన ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టు 5న నేలమట్టం చేశారు. 2011లో వచ్చిన 500 మెగావాట్ల యూనిట్, 2018లో వచ్చిన 800 మెగావాట్ల యూనిట్ పెద్దవే అయినా, కొత్త యంత్రాలకు మెగావాటుకు కావలసిన మనుషులు తక్కువ. ఎందరు ఊరు విడిచారు, ఎందరు ఇక్కడే స్థిరపడ్డారు అన్నది పాత లెక్కలో కనపడదు. జిల్లా కూడా మారింది. 2016 అక్టోబరులో పాల్వంచ ఖమ్మం నుంచి విడివడి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. 2025లో కొత్తగూడెం కార్పొరేషన్‌లో కలిసి నగరంలో ఒక భాగమైంది.

అడవి వున్నా నీడ లేదు

చుట్టూ అడవి వుండగా ఇంత ఎండ ఏమిటని కొత్తవారు ఆశ్చర్యపోతారు. మనది ఆకు రాల్చే అడవి. వేసవిలో టేకు చెట్లు మోడులై నిలబడతాయి. సముద్రం దూరం, నేల ఎత్తు తక్కువ. పైగా ఉత్తర దిక్కు నుంచి పొడి వడగాలి. సరిగ్గా ఈ కాలంలోనే గిరిజనులు తునికాకు సేకరణకు అడవిలోకి వెళ్లక తప్పదు. కర్మాగారాల్లో కాంట్రాక్టు కూలీలకూ ఎండలో పని తప్పదు.

జూన్‌లో వాన పట్టాక వాతావరణం మారుతుంది. ఏడాది వానలో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపునే కురుస్తుంది. 407 అడుగుల పూర్తి నీటిమట్టం, 8.4 టీఎంసీల నిల్వ గల కిన్నెరసాని జలాశయం నిండుతుంది. గేట్లు ఎత్తినప్పుడు దిగువ పల్లెలు జాగ్రత్త పడాలి. గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు బూర్గంపాడు వైపున కిన్నెరసాని నీరు వెనక్కి తంతుంది. భద్రాచలం వద్ద 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నమోదైన సంగతి ఈ ప్రాంతం వారు మరువలేదు. డిసెంబరు, జనవరి నెలల్లో అడవి అంచు పల్లెల్లో చలి మంటలు వేసుకోక తప్పదు.

పేరు లేకుంటే సాయం లేదు

2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడగాలిని విపత్తుగా గుర్తించి, వడదెబ్బతో మరణించినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం నిర్ణయించింది. అయితే సాయం అందాలంటే కాగితం కావాలి. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ గొడవల నుంచి తప్పించుకుని జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయలలో చాలామందికి ఆ కాగితమే కరువు. ఎండలో ముందుగా పడిపోయేదీ అటువంటివారే.

రాష్ట్ర ప్రభుత్వం 2014లో సమగ్ర కుటుంబ సర్వే, 2024లో ఇంటింటి సర్వే జరిపిన మాట నిజమే. కాని గిరిజనుల రిజర్వేషన్లకు, నియోజకవర్గాలకు ప్రాతిపదిక జనగణనే. కేంద్రం 2027 మార్చి 1ని ఆ లెక్కకు ప్రాతిపదిక తేదీగా ప్రకటించింది. కులం వివరాలూ అందులో రాస్తారు.

కనుక ఎన్యూమరేటరు వచ్చినప్పుడు ఇంట్లో వున్నవారందరి పేర్లు చెప్పడం మన బాధ్యత. పని మీద బయటికి వెళ్లే కుటుంబాలు పెద్దలకు ముందే వివరాలు చెప్పి వుంచాలి. దారి లేని గూడేలకు సైతం నడిచి వెళ్లి లెక్క రాయించడం అధికారుల బాధ్యత. రాతలో లేని మనిషికి మంచినీటి కుళాయి రాదు, మందుబిళ్ల రాదు. ఈసారైనా పాల్వంచ అసలు లెక్క తేలాలని ప్రజలు కోరుతున్నారు.