పేరు చౌకే, హక్కు మాటేంటి?

సూరత్‌లోని లింబాయత్‌లో మరమగ్గాలను నమ్ముకున్న తెలుగు కుటుంబాలెన్నో. అక్కడి చీరల వ్యాపారి వెబ్‌సైట్ పెట్టాలనుకుంటే, పాత యజమానులు రెన్యువల్ చేసుకోని డొమైన్ పేర్లు ఆన్‌లైన్ వేలంలో చౌకగానే దొరకొచ్చు. చిక్కల్లా ఒక్కటే. పేరు కొన్నంత మాత్రాన దానిపై తిరుగులేని హక్కు రాదు. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్క్ తరహా రక్షణ ఉంటుందని సత్యం ఇన్ఫోవే, సిఫీనెట్ వివాదంలో సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది. పేరున్న బ్రాండ్‌ను పోలినది కొంటే పెట్టిన డబ్బుతోపాటు పేరూ పోవచ్చు.

అందుకే పాట పాడేముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో వెతకాలి. ఆ పేరుతో ఇంతకుముందు ఎలాంటి సైట్ నడిచిందో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చూడాలి. ఏటా కట్టాల్సిన రెన్యువల్ రుసుమూ లెక్కేసుకోవాలి. సొమ్మును ఎస్క్రో సంస్థ దగ్గర ఉంచి, పేరు మీ ఖాతాకు మారాకే అమ్మకందారుకు చేరేలా చూసుకోవాలి. పోగు పట్టి చూడందే నూలు కొననివారికి ఈ జాగ్రత్త కొత్తేమీ కాదు.