9.4 కౌమారుల్లో క్రోన్స్ వ్యాధి: పేగు శస్త్రచికిత్సలో రెండు పద్ధతులు

ఈ భాగం చదివిన తరువాత క్రోన్స్ వ్యాధికి శస్త్రచికిత్స ఎప్పుడు అవసరమవుతుందో మీరు వివరించగలుగుతారు. ఓపెన్, లాపరోస్కోపిక్ పద్ధతుల భేదాలను పేర్కొనగలుగుతారు.

9.4.1 వ్యాధి స్వభావం

ఈ వ్యాధిని 1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ ఆసుపత్రి వైద్యులు బరిల్ క్రోన్, లియాన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ వర్ణించారు. ఇది నోటి నుంచి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు. చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట ఎక్కువగా కనిపిస్తుంది. వాపు పేగు గోడ మొత్తానికి వ్యాపిస్తుంది. అందువల్ల పేగు ఇరుకై అడ్డుపడవచ్చు, చీముగడ్డ ఏర్పడవచ్చు, పక్క అవయవంలోకి దారి పడవచ్చు. మన దేశంలో పేగు క్షయ కూడా తరచు ఇదే చోట, ఇలాంటి లక్షణాలతోనే వస్తుంది. కాబట్టి చికిత్సకు ముందు ఈ రెండింటినీ వేరుచేసి గుర్తించాలి.

9.4.2 శస్త్రచికిత్స ఎందుకు?

పైన చెప్పిన చిక్కులు మందులకు లొంగనప్పుడు దెబ్బతిన్న భాగాన్ని తొలగిస్తారు. కౌమారుల్లో మరో కారణం ఎదుగుదల. దీర్ఘకాలపు వాపు, స్టిరాయిడ్ల వాడకం ఎత్తు పెరగడాన్ని కుంటుపరుస్తాయి. ఎముకల పెరుగుదల ముగిశాక ఆ లోటు తీరదు. అందుకే వ్యాధి ఒకే చోట ఉన్నప్పుడు సకాలంలో చేసిన ఆపరేషన్ ఎదుగుదలకు తోడ్పడవచ్చు.

9.4.3 రెండు పద్ధతులు

ఓపెన్ పద్ధతిలో పొట్టపై పొడవైన కోత పెట్టి పేగును నేరుగా చూస్తారు. లాపరోస్కోపిక్ పద్ధతిలో పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బించి, చిన్న రంధ్రాల గుండా కెమెరాను, పనిముట్లను పంపుతారు. తరచు బొడ్డు దగ్గరి రంధ్రాన్ని కొన్ని సెంటీమీటర్లు పెంచి, పేగును బయటకు తీసి, కోసి, అతుకుతారు. గమనించండి: లోనికి వెళ్లే దారి మారుతుంది గాని లోపల చేసే పని ఒకటే.

చిన్న కోతల వల్ల నొప్పి తక్కువ. పేగు కదలికలు త్వరగా మొదలవుతాయి, విద్యార్థి త్వరగా బడికి వెళ్లగలుగుతాడు. మచ్చలు చిన్నవి, కోత చోట హెర్నియా వచ్చే అవకాశం కూడా తక్కువ. మళ్లీ ఆపరేషన్ అవసరం కాగల ఈ వ్యాధిలో పేగులు అతుక్కోవడం తగ్గడం పెద్ద మేలు.

అయితే పేగు చిల్లుపడి రోగి పరిస్థితి విషమించినప్పుడు, పాత ఆపరేషన్ల వల్ల పేగులు గట్టిగా అతుక్కున్నప్పుడు ఓపెన్ పద్ధతే సురక్షితం కావచ్చు. లాపరోస్కోపీతో మొదలుపెట్టి మధ్యలో ఓపెన్‌కు మారడం వైఫల్యం కాదు, రోగి భద్రతకోసం తీసుకునే నిర్ణయం.

9.4.4 గుర్తుంచుకోవలసిన విషయం

ఏ పద్ధతీ వ్యాధిని శాశ్వతంగా నయం చేయదు. అతికిన చోట వ్యాధి తిరిగి రావచ్చు. ఆ అవకాశం చిన్న కోత వల్ల తగ్గదు. ముందున్న జీవితం పొడవైనది కాబట్టి వీలైనంత తక్కువ పేగును తొలగించాలి. చిన్నపేగు చివరి భాగం తీసినవారిలో విటమిన్ బి12 లోపాన్ని గమనిస్తూ ఉండాలి. పొగతాగడం వ్యాధిని తిరగబెడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కౌమారుల్లో ఆపరేషన్ సమయం ఎందుకు ముఖ్యం?
2. రెండు పద్ధతుల్లో మారేది ఏమిటి, మారనిది ఏమిటి?