లాప్‌టాప్ గొంతు బొంగురుపోతే

తెలుగులో ధ్వనిని అనుకరించే పదాలకు కొదువ లేదు. పోపులో ఆవాలు చిటపటలాడుతాయి. ఎండుటాకులు గలగలమంటాయి. తుమ్మెద ఝుమ్మంటుంది. చినిగిన డప్పు బరబరమంటుంది. జలుబు చేసినవాని గొంతు గరగరలాడుతుంది. లాప్‌టాప్ స్పీకర్లు పాడైనప్పుడు ఈ పదాలే మన మొదటి పనిముట్లు. మరమ్మతు చేసే దుకాణానికి వెళ్ళి "సౌండు బాగా లేదు" అని మాత్రమే చెబితే, స్పీకర్లు మార్చాలన్న జవాబు రావడానికి అవకాశం ఎక్కువ. "పాట మొదలయ్యేటప్పుడు మాత్రం టప్పుమంటున్నది", "ఎడమ వైపు మాత్రమే బరబరమంటున్నది", "ఇంటర్నెట్ నడుస్తుంటే చిటపటమంటున్నది" అని చెప్పగలిగితే రోగం సగం తెలిసినట్లే. ఈ మూడూ మూడు వేరువేరు జబ్బులు. వీటిలో రెండింటికి స్పీకరు మార్చవలసిన పని లేదు.

ఇది డబ్బుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో తెలుగు చదువుకొనే విద్యార్థికి వీధిలో, బజారులో వినిపించే భాష వేరు కావచ్చు. పద్యం చదివే తీరు, పలుకుబడి వినడానికి అతనికి రికార్డు చేసిన పాఠమే ఆధారం కావచ్చు. గరగర ఆ పాఠంలో దేనిని చెరుపుతుందో చూడండి. అచ్చుల బలమంతా తక్కువ స్థాయి కంపనాలలో ఉంటుంది. అందువల్ల "ఆ", "ఓ" అనే ధ్వనులు ఎంత గోలలోనైనా వినిపిస్తాయి. శ, ష, స అనే ధ్వనుల బలం చాలావరకు సెకనుకు 3,000కు పైబడిన కంపనాలలో ఉంటుంది. క, ట, ప వంటి ధ్వనులు పలికేటప్పుడు నోటిలో ఒక చిన్న పేలుడు పుడుతుంది. చిటపట శబ్దం కూడా అటువంటి చిన్న పేలుళ్ళ సమూహమే. కనుక అది అచ్చులను వదలి ముందుగా హల్లులను మింగుతుంది. శకార సకారాల భేదం నేర్చుకోవలసిన పాఠంలో ఆ భేదమే వినిపించకపోతే పాఠం విని ప్రయోజనం ఏమిటి?

లాప్‌టాప్‌లో ధ్వని ఎలా పుడుతుంది? కంప్యూటరులో పాట అంకెల రూపంలో ఉంటుంది. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్క్ ఒక సెకను ధ్వనిని, ఒక్కొక్క వైపుకు, 44,100 అంకెలుగా విడగొట్టింది. నేటి కంప్యూటర్లలో సెకనుకు 48,000 అంకెల పద్ధతి కూడా విరివిగా ఉన్నది. ధ్వని చిప్పు ఈ అంకెలను వరుసగా చదివి, ఒక్కొక్క దానికి తగిన విద్యుత్తును తయారు చేస్తుంది. ఆ విద్యుత్తు స్పీకరులోని సన్నని తీగచుట్టకు చేరుతుంది. చుట్ట పక్కన అయస్కాంతం ఉంటుంది. విద్యుత్తు మారినప్పుడల్లా చుట్ట ముందుకు, వెనుకకు కదులుతుంది. దానికి అంటుకొని ఉన్న పలుచని పొర కూడా కదిలి గాలిని కంపింపజేస్తుంది. ఈ రకమైన స్పీకరును అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో రూపుదిద్దారు. వారు చేసినది పెద్దది, లాప్‌టాప్‌లో ఉన్నది అగ్గిపెట్టెకన్న చిన్నది కావచ్చు. సూత్రం మాత్రం అదే.

అంకెలు, విద్యుత్తు, పొర అనే ఈ మూడు మజిలీలలో ఎక్కడైనా చెడు జరగవచ్చు. ఎక్కడో తెలుసుకోవడమే అసలు పని.

అన్నిటికన్న ముందు, శబ్దం రికార్డులోనే ఉన్నదేమో చూడాలి. పాత గ్రామఫోను రికార్డుల నుండి ఎక్కించిన పాటలలో చిటపట సహజం. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆ రికార్డులను లక్కతో చేసేవారు. గాజులకు, బొమ్మలకు వాడే లక్కే అది. గట్టిదనం కోసం అందులో రాతిపొడి కలిపేవారు. ఆ పొడి రేణువుల మీద, గీతల మీద ముల్లు నడిచినప్పుడు పుట్టిన చిటపట పాటతోపాటే కంప్యూటరులోకి వచ్చింది. దానికి లాప్‌టాప్‌ను నిందించడం న్యాయం కాదు. అదే పాటను మరొక పరికరం మీద వినండి. అక్కడ కూడా అదే చోట, అదే అక్షరం దగ్గర చిటపట వస్తే అది రికార్డులో ఉన్నదే.

రికార్డు శుభ్రంగా ఉన్నదని తేలితే, తీగ ఉన్న హెడ్‌ఫోను పెట్టుకొని వినాలి. ఈ ఒక్క పరీక్ష చాలా సంగతులు చెబుతుంది. హెడ్‌ఫోనులో ధ్వని స్వచ్ఛంగా ఉండి, స్పీకరులో మాత్రం బరబరమంటే దోషం స్పీకరుది, లేదా దానికి వెళ్ళే తీగది. రెండింటిలోను చిటపట ఉంటే దోషం ఇంకా లోపల, అంకెలలోనో ధ్వని చిప్పులోనో ఉన్నది. మరొక సూచన కూడా ఉన్నది. అంకెల దోషం మామూలుగా రెండు వైపులా ఒకేసారి వినిపిస్తుంది. ధ్వని అమరికలలో ఎడమ, కుడి అని విడివిడిగా తగ్గించే సదుపాయం ఉంటుంది. ఒక వైపు పూర్తిగా తగ్గించి, రెండవ వైపు వినండి. ఒక వైపే బొంగురుగా ఉంటే అది చాలావరకు పొర జబ్బే.

ఇప్పుడు అంకెల సంగతి చూద్దాం. ఎక్కువమందిని తికమక పెట్టేది ఇదే. ఇంటి మీద ఉన్న నీళ్ళ ట్యాంకును ఊహించుకోండి. కింద కుళాయి ఆగకుండా పారుతున్నది. మోటారు మాత్రం అప్పుడప్పుడు నడిచి ట్యాంకును నింపుతున్నది. మోటారు సకాలంలో నడిచినంత కాలం కుళాయి ధార తెగదు. ఆలస్యమైతే ట్యాంకు ఖాళీ అయి, కుళాయి గాలిని కక్కుతుంది. ధ్వని చిప్పు ఆ కుళాయి వంటిది. ప్రాసెసరు మోటారు వంటిది. వీటి మధ్య ఉన్న చిన్న నిలువ స్థలాన్ని బఫర్ అంటారు. బఫరులో సెకనులో నూరవ వంతు ధ్వని మాత్రమే పడుతుందని అనుకొందాం. 48,000 లెక్కన అది 480 అంకెలు. ప్రాసెసరు వేరే పనిలో చిక్కుకొని రెండు మూడు వేయవ వంతుల సెకను ఆలస్యం చేసినా చాలు. పారవలసిన అంకె ఉండదు. విద్యుత్తు ఉన్నట్లుండి తెగుతుంది. పొర ఒక్కసారి ఎగిరిపడుతుంది. మనకు టప్పుమని వినిపిస్తుంది. ఇది సెకనుకు పదిసార్లు జరిగితే అదే చిటపట.

పెద్ద లెక్కలు చిటికెలో చేసే ప్రాసెసరు ఇంత చిన్న పనికి ఎందుకు ఆలస్యం చేస్తుంది? దాని బలం చాలక కాదు. ఒక్కొక్కసారి వేరే పరికరం దానిని పట్టుకొని వదలదు. లాప్‌టాప్‌లోని ప్రతి పరికరానికి డ్రైవర్ అనే చిన్న కార్యక్రమం ఉంటుంది. ఇతడు బస్సు డ్రైవరు కాడు, పరికరానికి సారథి. వైఫై డ్రైవరు సరిగ్గా రాసినది కాకపోతే, తన పని అయ్యేవరకు ప్రాసెసరును అట్టిపెట్టుకొంటుంది. పాపం ధ్వని బయట నిలబడి ఎదురుచూస్తుంది. దీనిని కనిపెట్టడం సులభం. లాప్‌టాప్‌లోనే దాచుకొన్న పాట ఒకటి పెట్టి, వైఫైని, బ్లూటూత్‌ను ఆపండి. చిటపట ఆగిపోతే దొంగ దొరికినట్లే. లాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైటు నుండి కొత్త వైఫై డ్రైవరు తెచ్చి వేస్తే చాలావరకు నయమవుతుంది. కొత్త డ్రైవరు వేసిన తరువాతనే చిటపట మొదలై ఉంటే పాతదానికి తిరిగి వెళ్ళాలి.

బ్యాటరీని ఆదా చేయడానికి ప్రాసెసరు వేగం తగ్గించే అమరిక మరొక కారణం. చార్జరు పెట్టినప్పుడు బాగుండి, తీసిన తరువాత చిటపటమంటే ఆ ఆదా అమరికను మార్చి చూడండి. లాప్‌టాప్ బాగా వేడెక్కినప్పుడు కూడా ప్రాసెసరు నిదానిస్తుంది. విండోస్‌లో ధ్వనికి మెరుగులు దిద్దే "ఎన్‌హాన్స్‌మెంట్స్" అనే అమరికలు ఉంటాయి. వాటిని ఆపడం మంచిది. మెరుగు పేరుతో అవి చేసే లెక్కల వల్లనే ధ్వని తెగిన సందర్భాలు ఎన్నో. ఈ మార్పులన్నీ ఒకేసారి చేయకూడదు. ఒకటి చేసి, విని, కాగితం మీద రాసుకొని తరువాత రెండవది చేయాలి. లేకపోతే ఏ మందుకు ఏ రోగం తగ్గిందో తెలియదు.

ఇక్కడ ఒక చిన్న విషయం. లాప్‌టాప్‌ను ఆపి మళ్ళీ పెట్టామనే వారు చాలామంది ఉంటారు. నేటి విండోస్‌లో త్వరగా తెరుచుకోవడానికి ఒక ఏర్పాటు ఉన్నది. దానివల్ల "షట్‌డౌన్" చేసినా డ్రైవర్ల స్థితి దాచి ఉంచబడి, మరునాడు అదే తిరిగి వస్తుంది. నిన్నటి చిక్కు కూడా దానితోపాటే వస్తుంది. "రీస్టార్ట్" అన్నప్పుడే అన్నీ మొదటి నుండి మొదలవుతాయి. కాబట్టి పరీక్షకు ముందు రీస్టార్టే చేయాలి.

పాట మొదలులోను, చివరలోను మాత్రమే టప్పుమంటే భయపడనక్కరలేదు. కొంతసేపు పని లేకపోతే ధ్వని చిప్పు విద్యుత్తు ఆదా కోసం నిద్రపోతుంది. అది లేచే చప్పుడే ఇది.

గట్టిగా పెట్టినప్పుడు మాత్రమే బొంగురుపోయే ధ్వని వేరు. ఒక్కొక్క అంకెను 16 బిట్లలో దాచితే, దాని గరిష్ఠ విలువ 32,767. ధ్వనిని అంతకు మించి పెంచితే పెరగడానికి చోటు లేక పైభాగం తెగిపోతుంది. కొండ శిఖరాన్ని కోసి చదును చేసినట్లు ఉంటుంది. ఆ కోసిన అంచులే చెవికి గరగరగా వినిపిస్తాయి. పాటలు వినిపించే కొన్ని కార్యక్రమాలలో గీతను 100 దాటి 125 వరకు జరపవచ్చు. తరగతిలో అందరికీ వినిపించాలని అక్కడిదాకా జరుపుతారు. దానిని 100కు తగ్గించండి. సరిపోకపోతే వేరే స్పీకరు పెట్టాలి గాని లాప్‌టాప్‌ను అరిపించకూడదు. మృదంగపు తొప్పి నాదం వంటి తక్కువ స్థాయి ధ్వనులకు పొర చాలా దూరం కదలాలి. చిటికెన వేలంత స్పీకరుకు ఆ శక్తి లేదు. రోజూ అలా అరిపిస్తే తీగచుట్ట వేడెక్కి, పొర సడలి, తాత్కాలిక బొంగురు శాశ్వత బొంగురు అవుతుంది.

ఇక పొర జబ్బులు. పాత లాప్‌టాప్‌లలో వీటినే ముందు అనుమానించాలి. తమిళనాడు ప్రభుత్వం 2011లో హయ్యర్ సెకండరీ విద్యార్థులకు ఉచితంగా లాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తొలి సంవత్సరాల లాప్‌టాప్ ఏదైనా ఇంట్లో ఇంకా పనిచేస్తూ ఉంటే, దాని పొర వయసు కూడా అంతే కదా! పొర చినగవచ్చు, దాని అంచు జిగురు ఊడవచ్చు, దుమ్ము పేరుకోవచ్చు. స్పీకరులో అయస్కాంతం ఉన్నందువల్ల స్టేప్లర్ పిన్నుల ముక్కలు, ఇనుపరజను జాలీకి అంటుకొంటాయి. ధ్వని వచ్చినప్పుడల్లా అవి పొరకు తగిలి బరబరమంటాయి. లాప్‌టాప్‌ను ఆపి, బోర్లించి, మెత్తని కుంచెతో జాలీని తుడవాలి. అంటుడు టేపును మెల్లగా అద్ది తీస్తే ముక్కలు వస్తాయి. సూదితో పొడవకూడదు, నోటితో ఊదకూడదు. సూది పొరను చించుతుంది, ఊపిరిలోని తడి లోపలికి పోతుంది.

స్పీకరు బాగానే ఉండి, దాని పక్కన మర సడలినా బరబర వస్తుంది. పాట మోగుతుండగా మణికట్టు ఆనించే భాగాన్ని అరచేతితో మెల్లగా నొక్కండి. శబ్దం మారితే లోపల ఏదో వదులైందని అర్థం. అయితే ఆ భాగం ఉబ్బినట్లుగాని, మూత సరిగ్గా మూసుకోనట్లుగాని కనిపిస్తే నొక్కవద్దు. లోపలి బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. ఉబ్బిన లిథియం బ్యాటరీకి గుచ్చుకొన్నా, నలిగినా నిప్పు అంటుకొనే ప్రమాదం ఉన్నది. చార్జరు తీసివేసి, లాప్‌టాప్‌ను ఆపి, పెద్దలకు చెప్పాలి. దానిని విప్పడం విద్యార్థుల పని కాదు.

పాఠశాల సభలలో లాప్‌టాప్‌ను పెద్ద ఆంప్లిఫయరుకు కలుపుతారు. అప్పుడు చిటపట కాక, ఎడతెగని బొయ్‌మనే శబ్దం వస్తే అది మన ఇళ్ళ విద్యుత్తు శబ్దం. మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. చార్జరు ఒక చోట, ఆంప్లిఫయరు మరొక చోట ఎర్తుకు కలిసినప్పుడు ఆ ఊపు ధ్వని తీగలోకి చొరబడుతుంది. చార్జరు తీయగానే ఆగితే కారణం అదే. రెండింటినీ ఒకే బోర్డులో పెట్టి చూడండి, లేదా సభ జరిగినంతసేపు బ్యాటరీ మీద నడపండి. ఎర్తు పిన్నును విరిచి శబ్దం పోగొట్టేవారు కొందరున్నారు. లోపల తీగ తెగి లోహపు పెట్టెకు తగిలితే, మనల్ని కాపాడేది ఆ పిన్నే. ఆంప్లిఫయరు పక్కన పాత రకం సెల్‌ఫోను ఉంటే కాల్ వచ్చేముందు టిట్‌టిట్‌మని వినిపిస్తుంది. ఆ ఫోను సెకనుకు సుమారు 217 సార్లు సంకేతాన్ని విసురుతుంది, తీగ దానిని పట్టుకొంటుంది. ఫోనును దూరంగా పెడితే చాలు.

వినేటప్పుడు వచ్చే గరగరను ఎప్పుడైనా సరిచేయవచ్చు. మనమే రికార్డు చేసేటప్పుడు లోపలికి వెళ్ళిన గరగర మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఇంట్లో అవ్వ చెప్పే కథను, ఊరి పెద్ద పాడే పాటను లాప్‌టాప్‌లో ఎక్కించేవారు ముందుగా వైఫై ఆపి, చార్జరు తీసి, రెండు నిమిషాలు మామూలు మాటలు రికార్డు చేయాలి. దానిని స్పీకరులో కాక హెడ్‌ఫోనులో వినాలి. శ, ష, స స్పష్టంగా వినిపిస్తే అప్పుడు కథ మొదలుపెట్టమని అవ్వను అడగవచ్చు.