మెదడు కాల్వకు లైనింగ్!

కె.సి. కాల్వ ఆయకట్టు రైతును ఎవరినైనా అడిగి చూడండి. లైనింగ్ లేని కాల్వ సంగతి చెబుతాడు. సుంకేసుల దగ్గర వదిలిన నీరు దారిలోనే ఇంకిపోతే, కడప వైపు చివరి మడికి అందేది అరకొరే! జపాన్ రుణం తెచ్చి మరీ లైనింగ్ వేసింది అందుకే.

మెదడులోనూ అలాంటి పూత ఒకటుంది. దాని పేరు మైలిన్. నరాల తీగల చుట్టూ చుట్టుకుని ఉండే కొవ్వు పొర. అది బాగుంటే సంకేతం సెకనుకు వంద మీటర్ల దాకా పరుగెడుతుంది. దెబ్బతింటే నత్తనడకే.

నెలలు నిండని పసికందులకు ముప్పు ఇక్కడే. ఆరేడు నెలలకే కాన్పయితే, మైలిన్‌ను తయారుచేయాల్సిన కణాలు అప్పటికింకా ఎదిగీ ఎదగని దశలో ఉంటాయి. ఆక్సిజన్ తగ్గితే తట్టుకోలేవు. అలాంటి పిల్లల్లో కొందరికి తర్వాత కాళ్లు బిగుసుకుపోతాయి, నడక ఆలస్యమవుతుంది.

మరి పోయిన పూత మళ్లీ రాదా? కాల్వకూ మెదడుకూ తేడా ఇదే... మెదడులో మేస్త్రీలు లోపలే ఉంటారు! కొత్త మైలిన్ వేయగల మూలకణాలు పెద్దయ్యాకా మిగిలే ఉంటాయి. కావాల్సిందల్లా వాటిని పనిలోకి పిలిచే కబురు. ఆ కబురు మోసే ప్రొటీన్లే గ్రోత్ ఫ్యాక్టర్లు.

వాటిలో ఒకటి ఈజీఎఫ్. దాన్ని కనిపెట్టిన తీరు తమాషాగా ఉంటుంది. స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్త ఎలుక లాలాజల గ్రంథుల రసాన్ని ఎలుక పిల్లలకు ఎక్కిస్తే, రెండు వారాలకు తెరుచుకోవాల్సిన కళ్లు వారానికే తెరుచుకున్నాయి. ఆ రసంలో ఏముందని వెతికితే ఈజీఎఫ్ దొరికింది. 1986లో నోబెల్ కూడా వచ్చింది.

2014లో వాషింగ్టన్‌లోని పిల్లల ఆసుపత్రి పరిశోధకులు మరో అడుగు వేశారు. ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న ఎలుక పిల్లల ముక్కులో వెంటనే ఈజీఎఫ్ చుక్కలు వేశారు. మైలిన్ కణాల చావు తగ్గింది, కొత్తవి పుట్టాయి, నడకా మెరుగుపడింది. అదే సంకేతాన్ని ఓ క్యాన్సర్ మందుతో అడ్డుకుంటే కోలుకోవడం కుంటుపడింది.

తిరకాసూ అక్కడే ఉంది. కణాలను పెరగమనే ఈ కబురు మితిమీరితే క్యాన్సర్‌కు దారితీయొచ్చు. అందుకే ఎలుకల్లో గెలిచిందని పసిపిల్లల ముక్కులో చుక్కలు వేయడం కుదరదు. 'మెదడును బాగుచేసే ఇంజెక్షన్' అని ఎవరైనా లక్షలు అడిగితే అప్పు చేసి పరుగెత్తకండి.

చేతిలో ఉన్న ఉపాయం వేరు. నెలలు నిండక పుట్టిన బిడ్డ మెడ నిలపడం, బోర్లా పడటం ఆలస్యమైతే 'మేనమామ పోలికలే, వాడూ ఆలస్యంగానే నడిచాడు' అని ఊరుకోకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి. జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టింది ఇలాంటి పిల్లల కోసమే. ఫిజియోథెరపీ ఎంత ముందు మొదలైతే అంత మేలు. మొదటి పుట్టినరోజు దాకా ఆగక్కర్లేదు.